మూడు వారాలు తక్కువైన పిల్ల

మొన్న పక్కనున్న అంగళ్లు ఊరి కాలేజీలో చదివే ఇద్దరమ్మాయిలు మదనపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. విహారనౌకల్లో పిల్లల క్లబ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారట.

"ఆంటీ, పిల్లోళ్లతో ఆడుకునేదే గదా పని? దానికి జీతమిచ్చి దేశాలన్నీ సూపిస్తారంట" అంది అందులో ఒకమ్మాయి.

వాళ్లకు కాఫీ ఇచ్చి పంపాను గానీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ ఉద్యోగంలో నేను పద్దెనిమిదేళ్లు ఉన్నాను. పిల్లలతో ఆడాను, పాడాను, రంగు కాగితాలు కత్తిరించాను. కానీ రోజంతా నేను నిజంగా చేసిన పని భయపడటం. నవ్వుతూ భయపడటం ఒక విద్య. అది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. వచ్చినవాళ్లకు నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

గదులు, వయసులు

మా సొంతూరు పుంగనూరు. మా నాన్న మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు లారీలకు ఎత్తే పని చేసేవాడు. నేను టీచర్ ట్రైనింగ్ చదివి, పుంగనూరులోనే ఒక నర్సరీ స్కూల్లో నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. చెన్నైలో ఉండే చిన్నాన్న కూతురు ఓడల ఉద్యోగం సంగతి చెప్పింది. ఇంటర్వ్యూకి వెళ్లాను, ఎంపికయ్యాను. నా పేరు రెడ్డెమ్మ. ఓడలో ఎవరికీ నోరు తిరక్క 'రెమ్మా' అని బ్యాడ్జి చేయించి ఇచ్చారు.

పెద్దవాళ్లు ఈతకో, భోజనానికో వెళ్లినప్పుడు పిల్లల్ని వదిలిపెట్టే చోటే ఈ క్లబ్. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు ఒక గది, ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు ఒకటి, తొమ్మిది నుంచి పదకొండు వాళ్లకు ఇంకొకటి. మూడేళ్లు నిండని బిడ్డను తల్లో తండ్రో పక్కన లేకుండా తీసుకోం. ఎనిమిదేళ్ల దాకా పిల్లలు బయటికి వెళ్లాలంటే పెద్దవాళ్లు వచ్చి సంతకం పెట్టాలి. తొమ్మిది నిండితే, కన్నవాళ్లు ముందే ఒప్పుకొని ఉంటే, పిల్లలే సంతకం పెట్టి ఒంటరిగా వెళ్లవచ్చు.

ఈ వయసుల మీదే రోజూ గొడవ. "మావాడు చాలా తెలివైనవాడు", "మా పాప వయసుకు మించి ఎదిగింది" అంటారు. ప్రతి తల్లీ తండ్రీ అనే మాటే అది, చాలాసార్లు నిజం కూడా. కానీ మేము అడిగేది తెలివి గురించి కాదు.

బియ్యం మూటలు

నా మొదటి బాస్ మార్సెలా ఫిలిప్పీన్స్ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. నవ్వితే పిల్లలందరూ నవ్వేవారు. మమ్మల్ని చూసి మాత్రం నవ్వేది కాదు.

చేరిన రెండో రోజు నన్ను సిబ్బంది వంటగదికి తీసుకెళ్లింది. పదిహేను కిలోల బియ్యం మూటలు రెండు చూపించి, రెండూ చంకల్లో పెట్టుకుని మూడంతస్తులు మెట్లెక్కమంది. మా నాన్న పని ఇక్కడ నాకు తగులుకుందే అనుకుంటూ ఎక్కాను. పైకి చేరేసరికి ఆమె ఇంకో మూటతో ఎదురుగా నిలబడి ఉంది.

"ఇది కూడా ఎత్తుకో" అంది.

"నాకున్నవి రెండు చేతులే కదా."

"అదీ సంగతి. ప్రమాద గంట మోగితే లిఫ్టులు పనిచేయవు. మూడేళ్లు దాటినవాళ్లు తాడు పట్టుకుని నీ వెనక నడుస్తారు, ఏడ్చేవాళ్లని ఒకరిద్దరిని ఎత్తుకుంటావు. మూడు నిండనివాడు తాడు పట్టుకోడు, నడవడు, నేలమీద పడుకుంటాడు. వాడే ఈ మూడో మూట. ఇది ఎత్తుకోవాలంటే చేతిలో ఉన్న ఒకదాన్ని కింద పెట్టాలి. దేన్ని పెడతావో ఇప్పుడే చెప్పు."

ఆ రోజు నుంచి వయసు పరిమితి అనే మాట వినబడితే నాకు కాగితం గుర్తుకు రాదు, మెట్లు గుర్తుకొస్తాయి.

ఆరు నెలలు తిరగకముందే ఆ గంట మోగింది. ఒక ఉదయం లాండ్రీలో బట్టలారబెట్టే యంత్రం నుంచి పొగ వచ్చింది. మా గదిలో ఇద్దరం ఉన్నాం, పన్నెండుమంది పిల్లలు. పన్నెండో వాడు రెండున్నరేళ్ల బాబు. వాళ్లమ్మ సముద్రం పడక వాంతులు చేసుకుంటుంటే, ఒక్క గంటే కదా అని మాతో పనిచేసే అమ్మాయి జాలిపడి లోపలికి తీసుకుంది.

మార్సెలా చెప్పినట్టే జరిగింది. మిగతా పిల్లలు నా నడుముకు కట్టిన తాడుకు ఉన్న ఉంగరాలు పట్టుకుని లేచారు. వాడు నేలకు అతుక్కుపోయి కేకలు పెట్టాడు. వాణ్ని ఎత్తుకున్నాను. ఇంకో పాప భయపడి మొండికేస్తే ఆమెనూ ఎత్తుకున్నాను. రెండో అంతస్తు మెట్ల మీద వెనక తాడు ఒక్కసారి తేలికైనట్టు తోచింది. ఎవరో వదిలేశారు. నేను వెనక్కి తిరిగితే వరుసంతా ఆగిపోతుంది. వరుస చివరున్న నా తోటి అమ్మాయి చూసుకుంటుందని నమ్మి పైకి నడిచాను. నమ్మడం తప్ప నా చేతిలో ఏమీ లేదు, చేతులు రెండూ నిండి ఉన్నాయి.

పైన లెక్కపెడితే పదకొండు మంది. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే. మూడోసారి తలలు కాక ఒక్కొక్కరినీ చేత్తో ముట్టుకుంటూ లెక్కపెట్టాను. పన్నెండో పాప నా వెనకే ఉంది, నా లైఫ్ జాకెట్ అంచు పట్టుకుని. తాడు వదిలేసి నన్ను పట్టుకుందన్నమాట.

పొగ పది నిమిషాల్లో ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. జాలిపడ్డ ఆ అమ్మాయిని తర్వాతి రేవులోనే దించేశారు. అప్పుడు అది అన్యాయం అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

కుప్పం వాళ్లు

ఇంత తెలిసినదాన్ని నేనే తప్పు చేశాను. అప్పటికి పన్నెండేళ్ల అనుభవం, క్లబ్ మేనేజర్ని. చెన్నై నుంచి బయల్దేరే ఓడలో పనిచేస్తున్నాను.

ఆ ప్రయాణంలో కుప్పం నుంచి ఒక కుటుంబం వచ్చింది. శ్రీనివాసులు బెంగళూరులో బ్యాంకు ఉద్యోగి. ఆయన భార్య సరళ, కూతురు యశస్విని, అన్న కూతురు దీక్షిత, తల్లి మునెమ్మ. మునెమ్మ వయసులో ఉన్నప్పుడు గ్రానైట్ క్వారీలో కూలి పని చేసిందట. కొడుకు ఉద్యోగస్తుడయ్యాక సముద్రం చూడాలని అడిగింది. అందుకే అందరూ వచ్చారు.

దీక్షితకు పదేళ్లు. యశస్వినికి తొమ్మిది నిండటానికి ఇంకా మూడు వారాలున్నాయి. అక్క పెద్దపిల్లల గదిలోకి, చెల్లెలు చిన్నపిల్లల గదిలోకి. యశస్విని గుమ్మం దగ్గరే ఏడుపు మొదలుపెట్టింది. నేను మా సహాయకురాలితో తెలుగులో ఏదో అనడం శ్రీనివాసులు విన్నాడు.

"అమ్మా, మీరు మన పక్కోళ్లా? యా ఊరు?"

"పుంగనూరు."

"అట్లనా! మాది కుప్పం. ఇంత దూరమొచ్చినా మనోళ్లు దొరికినారు సూడు" అని భార్యతో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, ఇంక మూడు వారాలే గదా. మూడు వారాలకి పాప ఏం మారిపోతాది? అక్కతోనే ఉంటాది, యాడికీ పోదు" అన్నాడు.

మునెమ్మ ఏమీ అడగలేదు. మనవరాలి తల నిమురుతూ నా మొహం చూస్తూ నిలబడింది. నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది.

పుట్టినరోజు దగ్గర పడ్డ పిల్లల్ని తోబుట్టువులతో, బంధువుల పిల్లలతో కలిపి పై గదిలో ఉంచే అధికారం మేనేజర్‌కు ఉంది. కాబట్టి అది నిబంధన తప్పడం కాదు. నా తప్పు దాని తర్వాతి వరుసలో ఉంది. ఒంటరిగా బయటికి వెళ్లవచ్చా అనే గడిలో, దీక్షిత కాగితం చూసి శ్రీనివాసులు ఈ పాపకూ టిక్కు పెట్టాడు. అది కొట్టేయాల్సింది నేను. పెన్ను నా చేతిలోనే ఉంది. మన ప్రాంతంవాడి ముందు అతని గీత కొట్టేయడం మొహమాటంగా అనిపించింది. కింద సంతకం పెట్టాను.

డెబ్బై నిమిషాలు

రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక దీక్షిత టేబుల్ టెన్నిస్ పోటీలో పడింది. యశస్వినికి విసుగు పుట్టింది. అవ్వ దగ్గరికి పోతానని చెప్పి, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి వెళ్లిపోయింది. కౌంటర్లో ఉన్న కుర్రవాడు కాగితం చూశాడు, అనుమతి ఉంది, పంపించాడు. అతని తప్పేమీ లేదు.

అరగంట తర్వాత సరళ వచ్చింది.

"కుట్టి యాడ?" అంది. ఇంట్లో యశస్వినిని అలాగే పిలుస్తారు.

"అవ్వ దగ్గరికి పోతానని వెళ్లిందే."

"నేను ఆడినుంచే గదా వస్తాండాను!"

ఆ తర్వాత ఆమె మొహం నేను చూడలేదు, చూడలేకపోయాను. ఫోన్ తీసి భద్రతాధికారికి చెప్పాను. పాప తప్పిపోయిందని చెప్పే మాటకు ఓడలో ఒక సంకేతం ఉంటుంది. పన్నెండేళ్లలో ఎన్నోసార్లు అభ్యాసం చేశాను. నిజంగా అన్నది అప్పుడే.

ముందు ఎక్కడ వెతుకుతారో తెలుసా? ఈత కొలనులో. నీళ్లలో ఉన్నవాళ్లందరినీ బయటికి రమ్మని అడుగు దాకా చూస్తారు. నేను గట్టున నిలబడి ఆ నీలం నీళ్లలోకి చూశాను. నీడలన్నీ పిల్లల్లాగే కనిపించాయి. లేదు. కొలనులో లేదంటే ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఆ వెంటనే చూపు రెయిలింగ్ దాటి సముద్రం మీదికి పోతుంది. చుట్టూ ఎటు చూసినా ఒకే రంగు. చిన్న గౌను వేసుకున్న పాప ఆ నీళ్లలో ఎంత కనిపిస్తుంది?

కెమెరాలు చూశారు. క్లబ్ ఏడో అంతస్తులో, అవ్వ గది ఆరో అంతస్తులో ఉన్నాయి. పాప మెట్ల దగ్గర ఒక క్షణం ఆగి, కిందికి దిగాల్సింది పోయి పైకి ఎక్కింది. ఓడలో అన్ని అంతస్తులూ ఒకేలా ఉంటాయి, అదే తివాచీ, అవే తలుపులు. ఎనిమిదో అంతస్తులో గదుల మధ్య నడవలోకి వెళ్లింది. అక్కడ కెమెరా సగం దాకే చూస్తుంది. ఆ చివర బయటి డెక్ మీదికి తెరుచుకునే తలుపు ఉంది. అది ఆ సమయంలోనే ఒకసారి తెరుచుకుని మూసుకున్నట్టు తలుపు సెన్సరు చూపించింది. ఎవరు తెరిచారో కెమెరాలో లేదు.

భద్రతాధికారి ఆ వీడియోను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత కెప్టెన్‌కు ఫోన్ చేసి మెల్లగా మాట్లాడాడు. ఓడను వెనక్కి తిప్పాల్సి రావచ్చన్న మాట నాకు వినబడింది. ఓడను వెనక్కి తిప్పేది నీళ్లలో వెతకడానికే.

నేను ఎనిమిదో అంతస్తుకు పరుగెత్తాను. గదులు శుభ్రం చేసే స్టీవార్డులు తాళాలతో ఒక్కో తలుపూ తెరిచి చూస్తున్నారు. వాళ్ల వెంట "యశస్వినీ! యశస్వినీ!" అని అరుస్తూ నడిచాను. మైకులోనూ ఆ పేరే ఇంగ్లీషు గొంతుతో మోగుతోంది. జవాబు లేదు. ఒక్కో గదీ చూడటం, మూయడం, ఇంకోటి తెరవడం. తలలో ఒక్కటే మాట తిరిగింది. మూడు వారాలకి ఏం మారిపోతాది?

నడవ అంతా అయిపోయింది. కాళ్లీడ్చుకుంటూ, కెమెరాలు చూసే కంట్రోల్ గదికి వచ్చాను. శ్రీనివాసులు, సరళ గోడకు ఆనుకుని కూర్చున్నారు. మునెమ్మ మాత్రం నిలబడే ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ మైకులో ఎవురమ్మా పిలిచేది?"

"ఆఫీసరు."

"దాన్ని ఇంట్లో ఎవురూ ఆ పేరుతో పిలవరు. బడిలో తిట్టేటప్పుడే ఆ పేరు. అది ఏదన్నా పగలగొడితే బీరువా సందులో దూరి ఊపిరి కూడా పీల్చదు. నేను పిలిస్తే వస్తాది. ఆ మైకు నాకియ్యమను."

ప్రయాణికుల చేతికి మైకు ఇవ్వరు. ఓడంతా భయం పాకుతుందని. నేను భద్రతాధికారిని బతిమాలాను. కెప్టెన్‌ని అడగమన్నాను. ఆయన ఫోన్ ఎత్తాడు. కెప్టెన్ ఒప్పుకోగానే, గదుల లోపలి స్పీకర్లు కూడా కలపమని చెప్పాడు.

మునెమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది. మొదట ఊపిరి చప్పుడే వినబడింది. తర్వాత ఆ గొంతు ఓడంతా నిండింది.

"కుట్టీ... నేను, అవ్వని. యాడుండావే? నిన్ను ఎవురూ తిట్టరు. మీ నాయన గూడా ఏమీ అనడు. నువ్వేం తప్పు చెయ్యలా. మంచం కింద ఉన్నా, అలమరలో ఉన్నా, మెల్లగా బైటికి రా. తలుపు తీసి నిలబడు, సాలు. నేనే వచ్చి ఎత్తుకుంటా."

రెండుసార్లు చెప్పింది. మూడోసారి 'కుట్టీ' అని మైకు నా చేతిలో పెట్టింది. ఆమె మాటలు అక్కడ అర్థమైనవి మా నలుగురికే, కానీ అందరూ నేల చూస్తున్నారు.

ఫోన్ మోగింది. ఎనిమిదో అంతస్తులో ఒక గది తలుపు తెరిచి పట్టుకుని ఒక పాప ఏడుస్తూ నిలబడిందని స్టీవార్డు చెప్పాడు.

పాప బయటికి వెళ్లి అప్పటికి డెబ్బై నిమిషాలు.

తర్వాత

గది శుభ్రం చేయడానికి తలుపు తెరిచి ఉంటే, అవ్వ గదే అనుకుని లోపలికి వెళ్లింది. మంచం మీద వేరేవాళ్ల సామాను చూసింది. మనుషుల అలికిడి విని అలమరలో దాక్కుంది. స్టీవార్డు పని ముగించి తలుపు వేసుకుని పోయాడు. వెతికేటప్పుడు ఆ గది కూడా తెరిచి చూశాం. పిలిచాం. పాప పలకలేదు. తప్పిపోయిన పిల్లలు పిలిస్తే పలుకుతారని మనం అనుకుంటాం. పలకరు. తిడతారని దాక్కుంటారు. అందుకే వెతికేటప్పుడు అలమరలు తెరవాలి, మంచాల కిందికి వంగాలి. తలుపు తెరిచి చూస్తే చూసినట్టు కాదు.

కెప్టెన్ నన్ను ఒకే ప్రశ్న అడిగాడు. "ఆ గడి ఎందుకు కొట్టేయలేదు?"

"మా ప్రాంతం వాళ్లని" అన్నాను. అంతకన్నా నిజమైన జవాబు లేదు. మేనేజర్ పదవి పోయింది. తిరిగి మూడేళ్ల పిల్లల గదికి పంపారు. చిన్నతనంగా అనిపించిందని దాచను, కానీ ఆ శిక్ష న్యాయమే.

దిగిపోయేటప్పుడు శ్రీనివాసులు నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. "నేనడిగినా మీరు వద్దనుండాల్సిందమ్మా" అన్నాడు. తనే అడిగి తనే ఆ మాట అనడం అన్యాయమే. ఆయన అన్నది మాత్రం నిజం. తండ్రికి తన పాప ఒక్కతే తెలుసు. మనకు ఎనిమిదేళ్ల పిల్లలు వందలమంది తెలుసు. ఆ వయసులో దారి తెలుసనే నమ్మకం ముందు వస్తుంది, దారి తర్వాత వస్తుంది. ఆ నడుమ ఉన్న కాలానికే పెద్దవాళ్ల సంతకం అడ్డం పెట్టారు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు అడిగినవాళ్ల మొహం చూసి కాక ఆ మెట్ల దగ్గర ఆగిన పాపను చూసి జవాబు చెప్పాలి. మన భాషలోనే, మర్యాదగానే, వద్దని చెప్పాలి.

ఆ తర్వాత ఆరేళ్లు పనిచేశాను. మూడు నిండటానికి ఒక్క రోజు తక్కువైనా లోపలికి తీసుకోలేదు. రాతి మనిషినని తిట్టినవాళ్లున్నారు. తిట్టించుకున్నాను.

కుప్పంలో

పోయినేడు ఉద్యోగం మానేసి వచ్చాక, ఒకరోజు ధైర్యం చేసి కుప్పం వెళ్లాను. మునెమ్మకు చూపు మందగించింది. నా గొంతు పట్టి గుర్తుపట్టి, చాప వేయించి పక్కన కూర్చోబెట్టుకుంది. మనవరాలు ఇంటర్ చదువుతోంది, సెలవులకు వచ్చి ఉంది. మజ్జిగ తెచ్చి ఇచ్చి నా ఎదురుగా కూర్చుంది. కాసేపు చదువు సంగతులు మాట్లాడుకున్నాం.

"ఆ రోజు మైకులో ఇంగ్లీషు అర్థం కాలేదా కుట్టీ?" అని అడిగాను. ఇన్నేళ్లూ నేను అలాగే అనుకున్నాను.

"అర్థమయింది ఆంటీ" అంది. "మీరు పిలిచింది గూడా వినిపించింది. మీరు ఆ గదిలోకే వచ్చినారు. అలమర తలుపు సందులో మీ తెల్ల బూట్లు కనిపించినాయి."

"మరి యాల రాలేదమ్మా?"

"మీకు బయపడే రాలా. ముందురోజు నన్ను పెద్దపిల్లోళ్ల గదిలో వదిలేటప్పుడు మీరు చెప్పినారు గదా, 'ఏం తప్పు చేసినా మళ్లీ చిన్నపిల్లోళ్ల గదిలో వేసేస్తా సూడు' అని. దారి తప్పినాను గదా, తప్పే గదా అనుకున్నా."

నేను ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు రాలేదు. కానీ అనే ఉంటాను. ఆ గుమ్మంలో రోజుకు పదిసార్లు, నవ్వుతూ, పిల్లలతో అనే మాట అది. నలభై నిమిషాలు నేను సముద్రానికి భయపడ్డాను. రెండడుగుల దూరంలో, చెక్క తలుపు వెనక, ఆ పాప నాకు భయపడుతూ ఊపిరి బిగపట్టుకుని ఉంది.

"తప్పు నీది కాదు కుట్టీ, నాది" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నా చేతిలోని గ్లాసు తీసుకుని లేస్తూ అంది:

"ఆ మాట ఆ గదిలో చెప్పింటే వచ్చేసుందును ఆంటీ."